ప్రొద్దుటూరు ఖనిజాల పెట్టె ఎక్కడిది? ఒక కేస్ స్టడీ

నిరుడు వేసవిలో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఊరు ప్రొద్దుటూరు, ఉద్యోగం బెంగళూరులో. వాళ్ల తాత హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరి, అదే స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరై, కాలం చేశారు. ఇంట్లో అటక మీద రాళ్ల పెట్టె ఒకటి ఉంది. "జర్మనీ పెట్టె సార్. వందేళ్ల పైమాటే అంటారు ఇంట్లో. ఆన్‌లైన్‌లో పెడితే మంచి రేటు వస్తుందంట. మీరు చూసి ఒక కాగితం రాసిస్తే చాలు" అన్నాడు.

నేను కడపలో డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో స్కూళ్లు, కాలేజీల్లో పడి ఉన్న పాత ఖనిజాల పెట్టెలు చూసి, వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసి పెడుతున్నాను. ఇటువంటి పెట్టెలు మన దగ్గర చాలా ఉన్నాయి. ల్యాబు బీరువా కింది అరలో, విరిగిన బీకర్ల పక్కన ఉంటాయి. చాలావాటికి చివరికి జరిగేది ఒకటే: రాళ్లు తోటలో పారబోసి, పెట్టెలో చాక్‌పీసులు పెట్టుకుంటారు. అందుకే ఎవరు పిలిచినా వెళ్తాను.

వెళ్లేసరికి అవ్వ పెట్టెను కిందికి దింపించి, తడిగుడ్డతో పైన తుడిచి పెట్టింది. లోపల తుడవలేదు కదా అని మొదట అదే అడిగాను. "లోపల నేనెప్పుడూ ముట్టలేదు నాయనా. మా ఇంటాయన ముట్టనిచ్చేవారు కాదు. వానకు ల్యాబు కారుతా ఉంటే రిక్షాలో వేసుకొని ఇంటికి తెచ్చినారు. మళ్లీ ఇస్తా ఇస్తా అనుకుంటానే పోయినారు" అంది. కుర్రాడు తల దించుకున్నాడు. పెట్టె స్కూలుదని అతనికి అప్పటిదాకా తెలియదు.

రెండడుగుల పొడవున్న టేకు పెట్టె. లోపల ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు ట్రేలు, ట్రేకు ఇరవై చొప్పున నలభై గళ్లు. గడిలో దూది, దూది మీద రాయి. గడి ముందు ఊడదీయడానికి వీలైన అట్టముక్క, దానికి అంటించిన చీటీ. ప్రతి రాయికీ ఒక మూల తెల్ల పెయింటు చుక్క, దాని మీద నల్ల సిరాతో నంబరు. మూత లోపలి వైపు ఊదారంగు రబ్బరు స్టాంపు: డిస్ట్రిక్ట్ బోర్డు హైస్కూలు. జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చింది 1959లో. పెట్టె అంతకు ముందే స్కూలుకు చేరి ఉండాలి. పాత స్టాంపును మరో రెండేళ్లు వాడి ఉండొచ్చు గనుక దీన్ని నోట్‌బుక్‌లో పెన్సిలుతో మాత్రమే రాసుకున్నాను.

చీటీలు మూడు రకాలు. ఇరవై ఐదు అచ్చువేసినవి, ఇంగ్లీషులో. ఎనిమిది టైపు కొట్టినవి, అవీ ఇంగ్లీషే. ఐదు తెలుగులో, చేత్తో, గుండ్రటి అక్షరాలతో రాసినవి. రెండు గళ్లకు చీటీ లేదు, రాయీ లేదు.

నా పద్ధతి ఇక్కడ చెప్పాలి. పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులు సాక్షులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడగరు. ఒకడి మాట విని రెండోవాడు తన మాట దిద్దుకుంటాడని ఒక్కొక్కర్నీ పక్కకు పిలిచి అడుగుతారు. పాత పెట్టెలోనూ ముగ్గురు సాక్షులుంటారు: పెట్టె, చీటీ, రాయి. ముగ్గురూ ఒకే రోజు పుట్టి ఉండనక్కర్లేదు, ఒకే ఊరివారు కానక్కర్లేదు. చీటీ చెప్పిన మాటను రాయికి, రాయి చెప్పిన మాటను పెట్టెకు అంటగడితేనే తప్పులు వస్తాయి. ఈ పెట్టె విషయంలో మొదటి రోజే నేను ఆ తప్పు చేశాను.

ముందు జర్మనీ సంగతి. పెట్టెలో ఒక పక్కన గుడ్డసంచిలో ఆరు చెక్క బొమ్మలున్నాయి. స్ఫటికాల ఆకారాలను నేర్పడానికి పేర్ చెట్టు చెక్కతో చేసే నమూనాలు. వాటి మీద చిన్న అచ్చు చీటీల్లో డాక్టర్ ఎఫ్. క్రాంట్జ్, బాన్ అని ఉంది. క్రాంట్జ్ 1833లో మొదలైన జర్మన్ సంస్థ. ఖనిజాలతో పాటు ఇటువంటి చెక్క నమూనాలకు ప్రపంచమంతా పేరున్నది. ఇంట్లోవాళ్లు "జర్మనీ" అన్న మాట పట్టుకున్నది ఇక్కడే. కానీ పెట్టెలో ఈ బొమ్మలకు ఒక్క గడి లేదు. సంచి లేకుండా పెడితే మూత పడదు. స్కూలు వేరుగా కొన్నవో, ఎవరైనా ఇచ్చినవో ఈ సంచిలోకి చేరాయి. బొమ్మలు జర్మనీవే. ఆ పేరు మెల్లగా రాళ్లకు, పెట్టెకు పాకింది.

అచ్చు చీటీలు చదివితే మరో దేశం కనిపిస్తుంది. అభ్రకం కోడర్మాది, రాగి ఖనిజం సింగ్‌భూమ్‌లోని మోసబోనీది, ఇనుప ఖనిజం మయూర్‌భంజ్ సంస్థానానిది, మాగ్నసైట్ సేలానిది, రాతి ఉప్పు పంజాబ్‌లోని ఖ్యూరాది. యూరప్‌లో కట్టిన పెట్టెలో ఫ్రైబర్గ్, హార్జ్, కార్న్‌వాల్ లాంటి అక్కడి గనుల ప్రాంతాలు వరసగా ఉంటాయి. ఇందులో ఇరవై రెండు చీటీలు మన ఉపఖండానివే. బయటివి మూడే: గ్రీన్‌లాండ్‌లోని ఇవిగ్టుట్ క్రయోలైట్, సిసిలీ గంధకం, ఇంకొకటి చిరిగిపోయినది. క్రయోలైట్‌ను చూసి కుర్రాడి ముఖం వెలిగింది, "చూడండి సార్, ఫారిన్‌దే" అన్నాడు. ఆ రోజుల్లో క్రయోలైట్ తవ్వి అమ్మిన గని లోకంలో ఇవిగ్టుట్ ఒక్కటే. కలకత్తాలో కట్టినా, న్యూయార్క్‌లో కట్టినా ఆ రాయి అక్కడినుంచే రావాలి. ఒకేచోట దొరికే ఖనిజం పెట్టె కట్టినవాడి గురించి ఏమీ చెప్పదు. ఈ పని నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇది, ఎందుకంటే చూపు ముందుగా పడేది ఆ అరుదైన రాయి మీదే.

సిసిలీ గంధకం దగ్గర నేను తొందరపడ్డాను. చీటీ మీద ఊరి పేరు గిర్జెంటి. ఆ ఊరికి 1927లో అగ్రిజెంటో అని పేరు మార్చారు. "అయితే ఇది 1927కు ముందుది అయి ఉండొచ్చు" అని నోరు జారాను. కుర్రాడు వెంటనే ఫోన్‌లో ఎవరికో మెసేజ్ పెట్టాడు. ఇంటికొచ్చి ఫోటోలు పెద్దవి చేసి చూస్తుంటే గ్రాఫైట్ చీటీ కనిపించింది: కోరాపుట్, ఒరిస్సా. ఆ ప్రాంతం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, మన విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. అంటే గిర్జెంటి అని అచ్చువేసిన మనిషే, అదే మిషను మీద, అదే కాగితం మీద, 1936 తర్వాత అచ్చువేశాడు. సిసిలీలో ఊరి పేరు మారిన సంగతి మన దేశంలో రాళ్లు అమ్మేవాడికి పట్టలేదు.

పేర్లతో కాలం కట్టేటప్పుడు నేను పట్టుకునే సూత్రం ఇదే. కొత్త పేరు అబద్ధం ఆడదు, పుట్టకముందు ఎవరూ దాన్ని రాయలేరు. పాత పేరు మాత్రం ఎన్నేళ్లయినా బతుకుతుంది. మన దగ్గర ఇప్పటికీ పెద్దవాళ్లు అనంతపురం, కర్నూలు జిల్లాలను దత్తమండలాలు అనడం వింటాం. కాబట్టి "ఈ ఏడాది తర్వాత" అనే హద్దును రాయిలా నమ్ముతాను. "ఈ ఏడాది లోపు" అనే హద్దును ఇసుకలా చూస్తాను. తెలిసీ మొదటి రోజు మర్చిపోయాను. మర్నాడు పొద్దున్నే కుర్రాడికి ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను.

అచ్చు చీటీల్లో పాత పేర్లు ఇంకా ఉన్నాయి. మయూర్‌భంజ్ సంస్థానం 1949 జనవరి 1న ఒరిస్సాలో కలిసింది. ఖ్యూరా 1947లో పాకిస్తాన్‌కు వెళ్లింది. వీటిని బట్టి 1936కూ 1947కూ మధ్య అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

ఆ ప్రశ్నార్థకాన్ని తీర్చింది స్కూలు స్టాక్ రిజిస్టర్. ఇప్పటి హెడ్మిస్ట్రెస్ ఓపికగా మూడు బీరువాలు తెరిపించారు. చెదలు పట్టిన పాత రిజిస్టర్లలో 1951-52 పద్దులో "ఖనిజముల పెట్టె 1, శాంపిళ్లు 40" అని ఉంది. ధర రూపాయలు, అణాలు, పైసల్లో: 85-8-0. కొన్నచోటు గడిలో కంపెనీ పేరును చెదలు తినేశాయి, చివర్లో కలకత్తా అన్న మాట మిగిలింది. ట్రే ఎత్తితే అడుగున పరిచిన పాత వార్తాపత్రిక ముక్కలు కూడా బెంగాలీవే. అమ్మేవాడు స్వరాజ్యానికి ముందు అచ్చువేయించిన చీటీలను 1951లోనూ వాడేశాడు. స్కూలు కొన్నది పాత సామాను కాదు, కొత్త పెట్టె. చీటీ చెప్పేది చీటీ అచ్చైన కాలం, పెట్టె అమ్మిన కాలం కాదు.

ఇక టైపు చీటీలు. వాటిని నోట్లు చెక్ చేసే అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టాను. చిన్న లైటు, బజార్లో దొరికేదే. అచ్చు చీటీలు మబ్బుగా, గోధుమరంగులో ఉండిపోయాయి. టైపు చీటీలు నీలితెలుపుగా మెరిశాయి. కాగితానికి మెరుపు తెచ్చే రసాయనాల వాడకం పెరిగింది సుమారు 1950 తర్వాతే. ఫ్లోరైట్ చీటీ మీద గుజరాత్ అని ఉంది. ఆ రాష్ట్రం పుట్టింది 1960 మే 1న. పలకరాయి చీటీ మీద మార్కాపురం, కర్నూలు జిల్లా. మార్కాపురం 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 1960 రాయి, 1970 ఇసుక.

రెండో హద్దు టైపు మిషన్ దగ్గర గట్టిపడింది. చీటీలన్నిటిలో పెద్ద ‘ఎం’ అక్షరానికి ఎడమకాలు సగమే పడింది. స్కూలు ఉత్తరాల ఫైళ్లలో కార్బన్ కాపీలు తిరగేశాను. 1965 నుంచి 1968 దాకా ప్రతి ఉత్తరంలో ఆ కుంటి ‘ఎం’ ఉంది. 1964లో కాళ్లు రెండూ బాగున్నాయి. 1969 నుంచి అక్షరాల తీరే వేరు, మిషను మారింది. ఆ చీటీలు ఆ నాలుగేళ్లలో, ఆ ఆఫీసు గదిలోనే కొట్టారు. అప్పుడు సైన్సు మాస్టరు ఈ అవ్వ భర్తే.

ఫ్లోరైట్ గడిని కాస్త దగ్గరగా చూపించాలి. చీటీ అంబా డోంగర్, గుజరాత్ అంటుంది. రాయి లేత ఊదారంగు ఘనం, మూల మీద తెల్ల చుక్క, 17 నంబరు. ఆ 17లో ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత ఉంది. కలకత్తా రాళ్ల మీద 7, 27, 37 అన్నిట్లోనూ అదే గీత. మాస్టారి రాతలో ఏడు అంకెకు గీత లేదు. అంటే రాయి 1951 నాటిది, చీటీ తర్వాతది. అట్టముక్క ఊడదీసి వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి పట్టాను. టైపు చీటీ కింద ఇంకో చీటీ నీడ కనిపించింది. సగం చిరిగిన అచ్చు అక్షరాలు: డర్హమ్, ఇం... అంతే. ఇంగ్లండ్‌లోని డర్హమ్ ఫ్లోరైట్‌కు ప్రసిద్ధి. పాత చీటీ చిరిగిపోతే, మాస్టారు అప్పుడు కొత్తగా వార్తల్లోకి వచ్చిన మన దేశపు ఫ్లోరైట్ ఊరి పేరు కొట్టి అంటించారు. పిల్లలకు మన గని పేరు తెలియాలని చేసి ఉంటారు. రాయి మాత్రం గుజరాత్‌ది కాదు. పై చీటీని నేను పీకలేదు. పీకితే రెండు చీటీలూ పోతాయి, ఇద్దరి మాటా పోతుంది.

ఉప్పు గడి నాకు చాలా ఇష్టమైనది. రాతి ఉప్పు ప్రతి వర్షాకాలంలో చెమ్మ పీల్చి కారుతుంది, ఎండాకాలంలో గడ్డకడుతుంది. డెబ్బై ఏళ్లలో గడి అడుగు చెక్క పీచులు లేచి గడ్డంలా తయారైంది. దూది రాయిలా బిగుసుకుంది. చీటీలో సగం కరిగి "...రా, పంజా..." మిగిలింది. పాడైపోయింది అని కుర్రాడు బాధపడ్డాడు. నాకు మాత్రం ఆ గడి ఒక ధ్రువపత్రం. ఈ ఉప్పు మొదటి నుంచి ఈ గడి వదిలి పోలేదు. ఎవరో నిన్నమొన్న కిరాణా కొట్టు సైంధవ లవణం తెచ్చి పెట్టి ఉంటే చెక్క ఇలా అయ్యేది కాదు. పైరైట్ గడిలోనూ అంతే. పైరైట్ చెమ్మకు కుళ్లి ఆమ్లం వదిలి, కింద కాగితాన్ని రాయి అంచు ఆకారంలోనే కాల్చింది. రాయిని తిప్పి పెడితే మచ్చ కలవదు, సరిగా పెడితే తాళంలో చెవిలా కూర్చుంటుంది. అందుకే పాత పెట్టె దొరికితే దూది మార్చకండి, గళ్లు కడగకండి అని అందరికీ చెప్తాను. మురికి అనుకునేదే కొన్నిసార్లు పెద్ద ఆధారం.

తెలుగు చీటీలు ఐదింటికీ చేతిరాత పాత హాజరు పట్టీల్లో మాస్టారి రాతతో కలిసింది. అవ్వ కూడా చూడగానే "మా ఇంటాయన రాతే" అంది. ముగ్గురాయి (బెరైటీస్), రాతినార (ఆస్‌బెస్టాస్), బలపంరాయి, నాపరాయి, సీసపురాయి (గెలీనా). అన్నీ మన చుట్టుపక్కలవే. సీసపురాయిది కడప జిల్లాలోని జంగంరాజుపల్లె, నాపరాయిది ఎర్రగుంట్ల. ఊరి పేరు పక్కన తాలూకా అని ఉంది, మండలాలు వచ్చింది 1985లో. పాత పేరే కాబట్టి దీన్నీ ఇసుకగానే రాసుకున్నాను.

ముగ్గురాయి గడిలో చిక్కు వచ్చింది. చీటీ పులివెందుల తాలూకా అంటుంది. పులివెందుల వైపు ముగ్గురాయి వేంపల్లె సున్నపురాళ్లలో సిరలుగా దొరుకుతుంది, తెల్లగా, పలకలు పలకలుగా విరుగుతుంది. గడిలో ఉన్నది బూడిదరంగు, సన్న గింజల రాయి. పాత కడప జిల్లాలో ఆ రంగు చూస్తే మంగంపేట గుర్తుకు రావాలి. ఒకేచోట అంత ముగ్గురాయి నిల్వ ప్రపంచంలో మరెక్కడా లేదు. చీటీ నిజమా, రాయి నిజమా అని తలపట్టుకుని కూర్చుంటే, కాఫీ ఇవ్వడానికి వచ్చిన అవ్వ ఆ రాయిని చేతిలోకి తీసుకుంది. "ఇది మా పుట్టింటి కాడిది. కోడూరు పక్కన. పండక్కి పోయినప్పుడు ఆయన రెండు రాళ్లు సంచిలో వేసుకొచ్చినారు. బస్సులో ఎంత బరువని నేను తిట్టినా" అంది. మంగంపేట రైల్వే కోడూరు పక్కనే.

మరి తెల్ల రాయి ఏమైంది? జిప్సం గడిలో దొరికింది. చీటీ తిరుచునాపల్లి జిప్సం. పైకి తెల్లగా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. జిప్సం మీద గోరుతో గీస్తే గీత పడుతుంది, దీని మీద పడలేదు. వంటింటి త్రాసులో 225 గ్రాములు తూగింది. దారం కట్టి నీళ్లలో వేలాడదీసి తూస్తే 51 గ్రాములు తగ్గింది. భాగిస్తే 4.4. జిప్సం అయితే రెండుంపావు, రెండున్నర మధ్య రావాలి. ముగ్గురాయి సుమారు నాలుగున్నర. ఏ క్లాసు పిల్లలో రెండు తెల్ల రాళ్లు అటూ ఇటూ మార్చి, ఒకటి పోగొట్టారు. ఖాళీ అయిన గడిలోకి మాస్టారో మరొకరో బూడిదరంగు రాయి పెట్టారు.

రాతినార గడిని మాత్రం ఇంట్లో తెరవలేదు. బ్రాహ్మణపల్లె రాయి, పచ్చటి రాతిలో పట్టుదారాల్లాంటి నార. కరిగిన ట్రాప్ రాయి (నల్లటి అగ్నిశిల) వేంపల్లె డోలమైట్‌లోకి చొచ్చుకొచ్చినప్పుడు ఆ వేడికి పుట్టిన ఆస్‌బెస్టాస్ అది. పీచులు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఆ కారణంగానే 1986 నుంచి ప్రభుత్వం కొత్త గనుల లీజులు ఇవ్వడం ఆపేసింది. బ్రష్ పెట్టకూడదు, ఊదకూడదు. కొంచెం నీళ్లు చిలకరించి, మాస్కుతో, దూదితో సహా మందపాటి జిప్ కవర్లో పెట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టి, ఎర్ర చీటీ అంటించాను. గెలీనా ముట్టుకున్నాక చేతులు కడుక్కోమని కుర్రాడికీ చెప్పాను.

నేను రాసిచ్చిన కాగితంలో మూడు పేరాలే ఉన్నాయి. పెట్టె, పాతిక రాళ్లు, వాటి అచ్చు చీటీలు కలకత్తాలో కట్టినవి, చీటీల అచ్చు 1936 తర్వాతిది, స్కూలు కొన్నది 1951-52లో. ఎనిమిది టైపు చీటీలు 1965-68 మధ్య స్కూల్లో కొట్టినవి, వాటిలో ఫ్లోరైట్ చీటీ దాని రాయికి చెందదు. ఐదు తెలుగు చీటీలు, వాటి రాళ్లు హెడ్మాస్టరు గారు సేకరించినవి. ఆరు చెక్క నమూనాలు క్రాంట్జ్‌వి, పెట్టెకు సంబంధం లేదు.

కుర్రాడు చదివి, "అయితే ఆ తెలుగు ఐదూ తీసేసి, పాత రాళ్లతోనే ఉంచితే రేటు వస్తుందా సార్?" అని అడిగాడు. తప్పుగా అడగలేదు, ఎక్కువమంది అమ్మేవాళ్లు చేసేది అదే. కలకత్తా రాళ్ల లాంటివి దేశంలో ఎన్నో స్కూళ్లకు వెళ్లాయి. బ్రాహ్మణపల్లె నార, జంగంరాజుపల్లె సీసం, తెలుగు పేర్లతో, ఒక మాస్టారి చేతిరాతతో ఒకేచోట ఉన్న పెట్టె నేను ఈ పన్నెండేళ్లలో చూసింది ఇదొక్కటే. ఆ ఐదు గళ్లే దీనికి ప్రాణం అని చెప్పాను. అవ్వ మధ్యలో అందుకుని, "అమ్మేదేంది? అది స్కూలుది" అంది. మాట అక్కడితో తెగింది.

తెల్ల ముగ్గురాయిని దాని గడిలో పెట్టాం. జిప్సం గడి ఖాళీ అయింది. ఆ గడి దూదిలో మొదటి రాయి కూర్చున్న గుంట ఇంకా ఉంది, దానిలో ఏదీ పెట్టవద్దని హెడ్మిస్ట్రెస్‌ను కోరాను. మంగంపేట రాయికి గడి లేదు. చిన్న అట్టపెట్టెలో పెట్టి, "మంగంపేట. హెడ్మాస్టరు గారి భార్య చెప్పిన మాట" అని తేదీ వేసి రాశాను. కింద అవ్వ సంతకం చేసింది.

జూన్‌లో స్కూలు తెరిచిన రోజు పెట్టెను ఆటోలో తీసుకెళ్లాం. కొత్త స్టాక్ రిజిస్టర్‌లో హెడ్మిస్ట్రెస్ స్వయంగా పద్దు రాశారు: ఖనిజముల పెట్టె 1, శాంపిళ్లు 37, వేరుగా 1, చెక్క నమూనాలు 6, చూడుడు 1951-52 పాత రిజిస్టర్.